పచ్చిచెక్క వాసన

“నాలుగింటికి సార్జెంటు వస్తాడు. ఈలోగా ఎన్ని ప్రశ్నలు వేసుకుంటారో వేసుకోండి, మిసెస్ క్విల్లీ. టీ ఎలాగూ దొరకదు. దొంగ మాత్రం దొరికాడు,” అన్నాడు క్రిస్పిన్ లారిమర్. అంటూనే పక్కనున్న టీ పెట్టె మీద కూర్చోబోయి, నడుం కలుక్కుమనడంతో మళ్లీ లేచాడు.

“ఏమైంది?” అంది హెస్టర్ క్విల్లీ.

“ఇల్లు మారాం. మా మార్జరీకి పింగాణీ సామాన్లంటే ప్రాణం. మోసేది మాత్రం నేను.”

లారిమర్ ఇన్సూరెన్సు కంపెనీ పరిశోధకుడు. కేసును ఎంత త్వరగా మూసేస్తే అంత గొప్ప అనుకునే రకం. హెస్టర్ ఇరవై ఏళ్లు టీ టోకు వ్యాపారం చేసి, కొట్టు అల్లుడు లెనార్డ్ చేతిలో పెట్టి, వర్తకుల సరుకు పోతే వెతికిపెట్టే పనిలోకి దిగిన మనిషి. ఆమె లెక్కలో దొంగతనం కూడా ఒక బేరమే. దొంగ ఏదో ఒకటి వదిలిపెడతాడు, ఏదో ఒకటి పట్టుకుపోతాడు. ఏది పట్టుకుపోయాడో సరిగ్గా తేలితే, పట్టుకుపోయినవాడి ముఖం దానంతటదే తేలుతుంది.

లండన్ వాపింగ్ రేవులోని ఆ గిడ్డంగిలో దొంగగా తేలినవాడు ఇప్పుడు వాళ్లిద్దరి మధ్యా గోనెసంచి మీద కూర్చుని, టోపీని చేతుల్లో గుండ్రంగా తిప్పుతున్నాడు. పేరు నెడ్ టారంట్. గిడ్డంగి తాళాలు అతని దగ్గరే ఉంటాయి. సార్జెంటు వచ్చి తీసుకెళితే ఉద్యోగం పోతుంది. రేవులో ఒకసారి దొంగ అన్న పేరు పడితే మళ్లీ ఏ గిడ్డంగీ తలుపు తియ్యదు. నిన్న అతని భార్య ఎల్సీ ఒక ప్లమ్ జామ్ సీసా పట్టుకొచ్చి హెస్టర్ వంటింట్లో కూర్చుని ఏడ్చింది. ఏడుపు చూసి కేసు ఒప్పుకునే అలవాటు హెస్టర్‌కు లేదు. జామ్ మాత్రం బాగుంది.

“ఇది గిట్టుబాటు బేరం కాదు అత్తయ్యా, వదిలెయ్యండి,” అన్నాడు లెనార్డ్, నిన్న ఆ వంటింట్లోనే పక్కన టీ తాగుతూ. తాగి, అలవాటుగా చెవితమ్మె లాక్కుని, “ఇది బేకీ” అని ఎల్సీ ముందే తీర్పిచ్చాడు. ఎవరింటికి వెళ్లినా వాళ్ల టీకి వంక పెట్టకుండా ఉండలేడు కాబట్టి చుట్టాలు అతన్ని పెళ్లిళ్లకు తప్ప పిలవరు.

“మొదట్నుంచీ చెప్పు నెడ్,” అంది హెస్టర్.

“ఏముందమ్మగారూ! ఆగస్టులో సిలోన్ నుంచి సెయింట్ ఆస్విత్ తోట టీ దిగింది. ఆరు పెట్టెలు. అంత మంచి సరుకు యుద్ధం తర్వాత ఇదే దిగడం. దిగిన రోజునే నేను పెట్టె పెట్టెకీ బెజ్జం వేసి నమూనా తీశాను. రుచి చూసినవాళ్లంతా ఆహా ఓహో అన్నారు. సెప్టెంబరు రాగానే నేను కెంటుకి, బీరులో వేసే హాప్ కాయలు కొయ్యడానికి వెళ్లాను. మా వీధి వీధంతా వెళ్తుంది, మాకున్న సెలవు అదొక్కటే.”

“లారీ ఎక్కి వెళ్లాడు. సామానుతో సహా,” అన్నాడు లారిమర్ కళ్లెగరేస్తూ.

“అవునండీ. ముగ్గురు పిల్లలు, అత్తగారు, ఒక పరుపు. మా అత్తగారిని కూడా సోదా చేస్తారా? మీరు బతికి బయటపడితే నాకూ చెప్పండి.”

హెస్టర్ నవ్వు ఆపుకుంది. “నువ్వు లేనప్పుడు ఏం జరిగింది?”

“గాచ్ దొరగారు ఫోను చేశారట. టీ అన్ని పెట్టెల్లోనూ ఒక్కలా లేదు, కుప్పబోసి కలిపి మళ్లీ నింపమన్నారట. కొత్త విషయమేం కాదు, ఎప్పుడూ ఉండేదే. రోజుకూలీ వాళ్లు వచ్చి నేల మీద పోసి, పారలతో తిరగేసి, మళ్లీ నింపి మేకులు కొట్టేశారు. నేనొచ్చేసరికి అంతా సర్దేసుంది.”

ఆంబ్రోస్ గాచ్ ఆ సరుకును వేలం వేసే బ్రోకరు కంపెనీలో టీ రుచి చూసి తీర్పు చెప్పే ముఖ్యుడు. టీ వర్తకుల వీధి మిన్సింగ్ లేన్‌లో ఆయన నాలుకకు ఉన్న పరువు న్యాయమూర్తి కలానికి కూడా లేదు. హెస్టర్‌కూ లెనార్డ్‌కూ టీ రుచి చూడడం నేర్పింది ఆయనే.

లారిమర్ అందుకున్నాడు. “పోయిన గురువారం వేలానికి ముందు అందరూ మళ్లీ రుచి చూశారు. గాచ్ ఒక్క గుక్క జుర్రి, ‘చెస్టీ’ అన్నాడు. అంతే, కొనేవాళ్లంతా వెనక్కి తగ్గారు. మంచి టీ పోయింది, దాని బదులు చెడ్డ టీ వచ్చింది. తాళాలెవరి దగ్గరున్నాయి? ఇతని దగ్గర. ఇంకేం కావాలి?”

“చెస్టీ అంటే ఏమిటో మీకు తెలుసా?”

“నిఘంటువు చూశాను.”

“ఏముంది అందులో?”

లారిమర్ గొంతు సవరించుకున్నాడు. “ఛాతీలో దగ్గు గురించి ఉంది. ఎలాగైతేనేం, చెడ్డ టీ అనేగా!”

“ఆ ఒక్క మాటా తెలియకే మనిషిని జైలుకు పంపబోతున్నారు. రండి,” అంది హెస్టర్.

నమూనాల గదిలో ఉత్తరం వైపు కిటికీ కింద పొడవాటి బల్ల, దాని మీద తెల్లటి కప్పులు వరసగా ఉన్నాయి. నెడ్ నీళ్లు మరగబెట్టాడు. హెస్టర్ చేతి తక్కెడలో ఒక వైపు అరిగిన ఆరు పెన్నీల బిళ్ళ వేసి, రెండో వైపు దానికి సరితూగేంత ఆకు వేసింది. మిన్సింగ్ లేన్‌లో తాతల నాటి నుంచీ కప్పు టీకి అదే తూకం. ఆకు నానాక చెంచాడు తీసుకుని, ఈలలాగా చప్పుడయ్యేలా జుర్రి, నోరంతా తిప్పి, నిలువెత్తు ఇత్తడి ఉమ్మితొట్టిలోకి గురి తప్పకుండా ఊసింది.

“మార్జరీ గనక ఇది చూస్తే…” అన్నాడు లారిమర్.

“మీరూ తాగండి.”

తాగాడు. కాసేపు ఆలోచించాడు. “టీలాగే ఉంది.”

“అయితే వినండి. ‘ప్లెయిన్’ అంటే సారం లేని టీ. పల్లపు తోటల చవక సరుకును అలా అంటారు. ‘బేకీ’ అంటే తోటలో ఆరబెట్టేటప్పుడు సెగ ఎక్కువైన టీ. ‘చెస్టీ’ వీటిలో ఏదీ కాదు. చెస్ట్ అంటే టీ పెట్టె. సరిగా ఎండని పచ్చి పలకలతో పెట్టె చేసి, లోపలి రేకు చిరిగి, ఆ చెక్క వాసన ఆకుకు పడితేనే ఆ మాట వాడతారు. కూరలో ఉప్పు తక్కువైందనడం వేరు, గిన్నె కిలుం వాసన వస్తోందనడం వేరు. రెండో మాట అన్నవాడు కూరను తిట్టలేదు, గిన్నెను తిట్టాడు.”

“అయితే?”

“గాచ్ ఈ టీని తిట్టలేదు. పెట్టెను తిట్టాడు. ఈ కప్పులో సెయింట్ ఆస్విత్ కొండగాలి అలాగే ఉంది, దాని మీద వడ్రంగి కొట్టు వాసన తేలుతోంది. చవక టీతో మార్చి ఉంటే ఆయన ప్లెయిన్ అనేవాడు. మీరు వారం రోజులుగా వెతుకుతున్న దొంగటీ ఎక్కడికీ పోలేదు మిస్టర్ లారిమర్. ఇందాక మీరు కూర్చోబోయింది దాని మీదే.”

“అంటే ఏమీ పోలేదంటారా?” అన్నాడు లారిమర్.

“పోయింది. ఏం పోయిందో పెట్టెల్నే అడుగుదాం.”

గిడ్డంగిలో ఆరు పెట్టెలూ గోడవార వరసగా ఉన్నాయి. పలకల మీద తోట పేరు నల్లసిరాతో అచ్చుకొట్టి ఉంది. అంచులకు రేకు పట్టీలున్నాయి. హెస్టర్ మోకాళ్ల మీద కూర్చుని మొదటి పెట్టె పక్కపలక మీద అరచెయ్యి పెట్టి తడిమింది.

“నెడ్, బెజ్జం వేసి నమూనా తీశాక ఏం చేస్తావు?”

“టిన్ను బిళ్ళ పెట్టి మేకులు కొట్టేస్తానమ్మగారూ. లేకపోతే ఎలకలకి విందే.”

“ఈ టీకి ఎన్నిసార్లు నమూనా తీశారు?”

“రెండుసార్లు. దిగిన రోజున ఒకటి, పోయినవారం వేలానికి ముందు ఒకటి.”

“అయితే పెట్టెకు రెండు బిళ్ళలుండాలి. చూపించు.”

నెడ్ వంగాడు. మొదటి పెట్టె చూశాడు, రెండోది తిప్పాడు, మూడోది తలకిందులు చేసినంత పని చేశాడు. అన్నింటికీ ఒక్కొక్కటే బిళ్ళ. కొత్తగా తళతళలాడుతోంది.

“ఇవి నా పెట్టెలు కావు!” అన్నాడు నెడ్. టోపీ నేల మీద పడింది. “నేను బెజ్జాలు వేసిన పెట్టెలు కావమ్మగారూ ఇవి!”

“కావు. కలిపే పేరుతో టీని కిందపోసినప్పుడు అందరి కళ్లూ టీ మీదే ఉంటాయి. నింపేది పాత పెట్టెలోకా కొత్త పెట్టెలోకా అని రోజుకూలీవాడికి ఏం పట్టింది? ఎవరో కొత్త పెట్టెల మీద పాత పేరు అచ్చుకొట్టి తెచ్చి పెట్టారు. దొంగకు టీ అక్కర్లేదు. ఖాళీ పెట్టెలు కావాలి.”

లారిమర్ పగలబడి నవ్వాడు. “ఖాళీ పెట్టెలా! లండన్‌లో ఊరికే ఇస్తామన్నా ఎవరూ…”

“ఎందుకు తీసుకోరు సార్?” అన్నాడు నెడ్. “ఇల్లు మారే ప్రతివాడూ ఇక్కడికొచ్చి టీ పెట్టెలే అడుగుతాడు. మొన్న తమరు కూడా…”

“మాట దాటెయ్యకు!” అని కసిరాడు లారిమర్. “మిసెస్ క్విల్లీ, సరే, పెట్టెలు మారాయనే అనుకుందాం. ఇతను మార్చలేదని ఏమిటి రుజువు?”

“హాప్ తోటలో ఉన్నాడు. అత్తగారితో సహా. ఇక కలపమని ఫోను చేసింది ఎవరు?”

“గాచ్‌నా మీరనేది?” లారిమర్ ఈసారి నిజంగానే కోప్పడ్డాడు. “ఆ మాట అని అందర్నీ హెచ్చరించిందే ఆయన! దొంగ తనే ‘దొంగ, దొంగ’ అని అరుస్తాడా? వ్యాపారంలో ఎన్నాళ్లున్నారు మీరు?”

ఆ ప్రశ్నే పొద్దున్నించీ హెస్టర్‌ను కూడా తొలుస్తోంది. గాచ్ గురువారం నోరు మూసుకుని ఉంటే టీ అమ్ముడయ్యేది, కేసే ఉండేది కాదు. తన గొంతుకు తనే ఉరి తగిలించుకున్న మనిషిని దొంగ అని లెక్క కట్టడం ఎలా?

“సాక్ష్యం చెప్పడానికి ఆయన్ని మూడింటికి రమ్మన్నాను. మీరే అడగండి,” అన్నాడు లారిమర్.

“అడగను. టీ ఇస్తాను,” అంది హెస్టర్. అప్పటికి ఆమెకు సమాధానం తట్టింది. “నెడ్, దిగిన రోజున పెట్టె పెట్టెకూ తీసిన నమూనాలు దాచావా?”

“వేలం అయ్యేదాకా పారెయ్యను. అలమారలో ఉన్నాయి. ఆరు డబ్బాలు, ఆరు పెట్టెలవి.”

*

ఆంబ్రోస్ గాచ్ గులాబీ రంగు ముఖంతో, కోటు గుండీలో పువ్వుతో, పెళ్లికి వచ్చినంత హుషారుగా వచ్చాడు. నెడ్ భుజం తట్టాడు. లారిమర్‌తో వాతావరణం గురించి మాట్లాడాడు. బల్ల మీద ఆరు కప్పులు చూడగానే ఆయన కళ్లు మెరిశాయి.

“హెస్టర్ తల్లీ! నన్ను విచారిస్తారంటే వచ్చాను, విందు చేస్తున్నావే.”

“మీ చేతి శిష్యురాలిని. పరీక్ష పెట్టాలనిపించింది. ఇవి ఏమిటో చెప్పండి చూద్దాం.”

“ఈ ముసలాడి నాలుక మీద పందెమా!” అంటూ చెంచా తీశాడు. మొదటి కప్పు జుర్రాడు. ఆ చప్పుడుకు కిటికీ బయట పావురం ఎగిరిపోయింది. రెండోది, మూడోది. చెంచా ఆగలేదు. ఆయన ముఖంలోంచి గాచ్ దొరగారు తప్పుకుని, ఉత్త నాలుక ఒక్కటే మిగిలినట్టుంది. ఆరో కప్పు ఊసి, రుమాలుతో మూతి తుడుచుకున్నాడు.

“పరీక్ష తేలిక చేశావు. ఆరూ ఒకటే. సిలోన్ ఎత్తుకొండ, ఒకే తోట, ఒకే కోత. ఒకదానికీ ఇంకోదానికీ వెంట్రుకంత తేడా లేదు. ఇంత సమంగా ఉన్న సరుకు నేను…”

అక్కడ ఆగిపోయాడు.

“ఇవి సెయింట్ ఆస్విత్ ఆరు పెట్టెలు,” అంది హెస్టర్ మెల్లిగా. “కలపకముందు దేనికది తీసిన నమూనాలు. వెంట్రుకంత తేడా లేని సరుకును కుప్పబోసి కలపమని ఫోను ఎందుకు చేశారు ఆంబ్రోస్?”

లారిమర్ మొదట గాచ్ వైపు, తర్వాత కప్పుల వైపు, చివరికి నేల వైపు చూశాడు.

గాచ్ కోటు గుండీలో పువ్వు సరిచేసుకున్నాడు. తర్వాత, వింతగా, నవ్వడం మొదలుపెట్టాడు. “ఫోనులో నోటి నిండా గాలే కదా తల్లీ, ఏ అబద్ధమైనా పలుకుతుంది. నోట్లో టీ ఉండగా అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. గురువారం కూడా అంతే అయింది. ‘బాగుంది’ అనాలనుకునే చెంచా ఎత్తాను. పొద్దున్నంతా అద్దం ముందు సాధన చేశాను కూడా. గుక్క నోట్లో పడగానే ‘చెస్టీ’ అనేశాను! నలభై ఏళ్ల అలవాటు. నా నోరే నన్ను పట్టించింది.”

“ఇంత పేరున్న మనిషి! ఎందుకండీ ఈ పని?” అన్నాడు లారిమర్.

“కళ్లు పోతే పింఛను ఇస్తారు, కాలు పోతే ఇస్తారు. నాలుక మొద్దుబారితే ఎవరిస్తారు? ఇంకో ఏడాదో రెండేళ్లో. అంతకుమించి ఇది పని చెయ్యదు.”

హెస్టర్‌కు ఆయన మీద జాలి వేసింది. వేసిన జాలిని పక్కన పెట్టి తర్వాతి ప్రశ్న వేసింది. “పాత పెట్టెల్లో ఏముంది?”

“మూలల చెక్క పట్టీలు డొల్ల. లోపల సిలోన్ నీలాలు. సుంకం కట్టని రాళ్లు.”

“పెట్టెలు ఎక్కడ?”

“నన్నా అడుగుతున్నావు? ఇక్కడే, ఖాళీ పెట్టెలు పడేసే దొడ్లో ఒక మూల పెట్టించాను. నా మనిషి వచ్చేసరికి మాయం. వారం రోజులుగా నిద్ర లేదు తల్లీ.”

నెడ్ చిన్నగా దగ్గాడు. “దొడ్లో తూర్పు మూలా? సెయింట్ ఆస్విత్ అచ్చు ఉన్నవా? అవి… ఏవో పాత ఖాళీలనుకుని, గట్టి పెట్టెలని, దొరగారు అడిగారని, నేనే ఏరి ఇచ్చానమ్మగారూ.”

“ఏ దొరగారు?”

నెడ్ వేలు పెట్టి చూపించలేదు. చూపించనక్కర్లేదు. క్రిస్పిన్ లారిమర్ ముఖం పాలు కలపని టీ రంగుకు తిరిగింది.

“పింగాణీ సర్దుకోడానికి,” అన్నాడు. “విచారణకు వచ్చిన మొదటి రోజున, వెళ్తూ వెళ్తూ అడిగాను. బండి కూడా ఇతనే మాట్లాడిపెట్టాడు.”

“వారం రోజులుగా మీరు వెతుకుతున్న దొంగసొత్తు మీ ఇంట్లోనే ఉందన్నమాట,” అంది హెస్టర్. “దాన్ని మోసే మీ నడుం పట్టేసింది.”

నెడ్ టోపీ తీసుకుని తలకు పెట్టుకున్నాడు. పొద్దున్నించీ మొదటిసారి.

“ఒక్క నిమిషం,” అన్నాడు లారిమర్. “మొన్న ఒక పెట్టె మూల పట్టీ విరిగి నీలం గాజురాళ్లు రాలాయి. మార్జరీ ఏదో చిన్నపిల్లల ఆటసామాను అనుకుంది. బంగారు చేపలు తెచ్చుకుంది కదా కొత్తింట్లోకి. వాటి గాజుతొట్టి అడుగున అందంగా పరిచింది.”

గాచ్ పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వుతూనే గోడ గడియారం వైపు చూశాడు. ఆ చూపు హెస్టర్‌కు నచ్చలేదు.

“గడియారం ఎందుకు చూస్తున్నారు ఆంబ్రోస్?”

“నిన్న నా మనిషికి ఆ బండివాడు దొరికాడు. పెట్టెలు ఏ ఇంట్లో దింపాడో చెప్పాడట. ఈపాటికి…”

గోడ మీద ఫోను మోగింది. నెడ్ ఎత్తి, “సార్, మీ ఆవిడ,” అని లారిమర్‌కు అందించాడు. లారిమర్ నోరు విప్పేలోపే హెస్టర్ దాన్ని లాక్కుని చెవికి ఆనించింది.

“క్రిస్పిన్, మీరేనా?” అవతల మార్జరీ గొంతు గలగలలాడింది. “మీ ఆఫీసు నుంచి పెట్టెలు వాపసు తీసుకెళ్లడానికి ఎవరో వచ్చారు. పాపం, పట్టీలన్నీ ఊడదీసి చూస్తున్నారు, చెదలు పట్టిందేమోనని. చేపల తొట్టి ముందు నిలబడి ఎంతసేపు చూశారో! మంచి మనిషే గానీ, మర్యాద కాస్త తక్కువ.”

“ఏం చేశాడమ్మా?” అంది హెస్టర్.

“ఎవరండీ మీరు? సరే, మీరే చెప్పండి. ఇంటికొచ్చాడు కదా అని టీ ఇచ్చాను. వీధి అవతలకి వినపడేలా జుర్రాడు. చెవితమ్మె లాక్కుని నా టీని ఏదో అన్నాడు. ఏమిటబ్బా ఆ మాట… ఆఁ, బేకీ!”

హెస్టర్ ఫోను పట్టుకునే నిలబడింది. ఎదురుగా ఆంబ్రోస్ గాచ్ నవ్వు ఆపేసి, తన పాత శిష్యురాలి ముఖం వైపు కాకుండా ఉమ్మితొట్టి వైపు చూస్తున్నాడు.

“ఇంకో కప్పు పొయ్యమ్మా,” అంది ఆమె చివరికి. “మేం వచ్చేదాకా ఆయన్ని కూర్చోబెట్టు. వాళ్ల అత్తగారు వస్తోందని మాత్రం చెప్పకు.”